ఎండిన బోరుకు కట్టిన వైరు

ఒంటిమిట్టకు నేను రెండు నెలలు ఆలస్యంగా వెళ్ళాను. ఈ ప్రయాణంలో చెప్పుకోవాల్సింది అదే. దారిలో తిన్నవీ, చూసినవీ, పడ్డ పాట్లూ కూడా చెబుతాను. కర్నూలు నుంచి రాజంపేట దాకా ఎలక్ట్రిక్ స్కూటరు మీద పోయినవాళ్ళు మన వైపు ఎంతమంది ఉన్నారు గనక? కానీ చదువుతున్నంతసేపూ ఒక ఎండిపోయిన బోరు పైపును కాస్త మనసులో ఉంచుకోండి. దారి పొడుగునా నేను మనసులో ఉంచుకోవాల్సింది అదే.

నా పేరు మద్దిలేటి. ఇరవై రెండేళ్ళు కర్నూలులో బోరు మోటర్లకు వైండింగ్ కట్టాను. మస్తాన్ వలీ, నేనూ కలిసి నడిపిన షాపు. నలభై ఆరేళ్ళ వయసులో, నడుము నొప్పి ఒకవైపు, కొత్తగా ఏదైనా చేయాలన్న దురద ఒకవైపు, ఆ పని వదిలేసి కార్లకు ఛార్జర్లు బిగించే పని నేర్చుకున్నాను. బెంగుళూరులో శిక్షణ ఇచ్చినప్పుడు పక్కన కూర్చున్న పిల్లలందరూ నన్ను అంకుల్ అన్నారు. పరీక్షలో మాత్రం అంకుల్‌కే మొదటి మార్కు వచ్చింది. ఆ గర్వం నాకు చాలా చేటు చేసింది.

ఈ పనిలో ఎర్త్ అని ఒకటుంది. యంత్రంలో ఎక్కడైనా కరెంటు కారితే, అది మనిషి ఒంట్లోంచి కాకుండా నేరుగా భూమిలోకి పోయేలా వేసే వైరు. దాని కోసం లోతుగా గుంత తీసి, కడ్డీ దించి, బొగ్గూ ఉప్పూ పోసి, ఎప్పుడూ తడిగా ఉంచాలి. మా మోటరు పనివాళ్ళకు అంత ఓపిక ఎక్కడిది? పక్కన బోరు ఉంటే దాని ఇనుప పైపుకే వైరు చుట్టేస్తాం. నీళ్ళున్న బోరయితే అది బాగానే పనిచేస్తుంది. రాయలసీమలో ఏ చేనుకు పోయినా ఇదే పద్ధతి.

పోయిన కార్తీకంలో ఒంటిమిట్ట దగ్గర ఎస్తేరమ్మ టీ హోటలు పక్కన ఛార్జరు బిగించాను. గుంత తీస్తే మోకాలి లోతులోనే బండ తగిలింది. పొద్దు వాలుతోంది, కర్నూలు బస్సు తప్పిపోతుందేమోనని నా ఆత్రం. ఎదురుగా ఎప్పుడో ఎండిపోయిన బోరు, దాని పైపు నేల పైకి మూడడుగులు నిలబడి ఉంది. చుట్టేశాను. వానలకు నేల తడిగా ఉన్నందువల్ల ఎర్త్ చూసే మీటరు కూడా మంచి అంకె చూపించింది.

శివరాత్రికి ముందు ఎస్తేరమ్మ ఫోన్ చేసింది. కారు తగిలించిన ప్రతిసారీ లోపలి రక్షణ స్విచ్ టప్పుమని పడిపోతోందట. "మీ ఊరి వైరుమేన్‌తో డైరెక్ట్ చేయించక్కా, నేనొచ్చి చూస్తా," అన్నాను. డైరెక్ట్ అంటే ఆ స్విచ్‌ను పక్కనపెట్టి వైర్లు సూటిగా కలిపేయడం. కరెంటు ఇచ్చేదే కొన్ని గంటలు గనక, రైతు ఆగలేడు గనక, మోటర్ల దగ్గర రోజూ చేసే పని. డైరెక్ట్ చేయించానని, ఇంక వచ్చి చూడమని తర్వాత ఆమె మళ్ళీ ఒకసారి చేసింది. వస్తా, వస్తా అన్నాను.

ఉగాది పోయాక, ఒంటిమిట్ట ఉత్సవాలకు జనం వస్తారని, దారిలో ఉన్న ఛార్జర్లన్నీ చూసి రమ్మని మా ఛార్జర్ల కంపెనీ పంపిస్తే గానీ కదల్లేదు.

కర్నూలు: షాపు ముందు ఉగ్గాని

బయలుదేరేముందు మా పాత షాపు ముందు ఆగాను. మస్తాన్ ఒక్కడే రాగి తీగ చుడుతున్నాడు. షట్టరు సగమే ఎత్తి ఉంది. నేనున్నప్పుడు రెండు షట్టర్లూ ఎత్తి ఉండేవి.

"ఆవో భాయ్, స్కూటర్ సాబ్ వచ్చినాడు!" అన్నాడు. ఎదురు బండి నుంచి ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. బొరుగులు నానబెట్టి, పప్పుల పొడి చల్లి, తాళింపు పెట్టే ఈ ఉగ్గాని తెలియనివాళ్ళు కర్నూలుకు వచ్చి ఇడ్లీ అడుగుతారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ప్లేటు ముప్పై రూపాయలు. బజ్జీ కొరికితే కళ్ళల్లో నీళ్ళు రావాలి, వచ్చాయి.

ఎస్తేరమ్మ సంగతి చెప్పాను. వాడు తీగ చుట్టడం ఆపాడు.

"ఎండిన బోరుకా కట్టినావు?"

"ఆ పొద్దు మీటరు బాగా చూపించిందిరా."

"వానల్లో ఎవుని మీటరైనా బాగా చూపిస్తాది. నీవి ఇంకా మోటరు చేతులేరా మద్దిలేటీ. ముందు ఆడికి పో, కడమవి వచ్చేటప్పుడు చూసుకో."

సరేనన్నాను. చెవిన వేసుకున్నానా అంటే లేదు. స్కూటరుకు ఎక్కడికక్కడ ఛార్జింగ్ కావాలి, దారిలో ఉన్నవి వరుసగా చూసుకుంటూ పోవడమే తెలివైన పని అనిపించింది. బస్సెక్కి ఉంటే ఆ మధ్యాహ్నానికే ఒంటిమిట్టలో ఉండేవాణ్ణి.

నంద్యాల: బొట్టు పెట్టిన మూత

నంద్యాలలో ఒక భోజన హోటలు ఆవరణలో నా చేతి ఛార్జరు ఉంది. అక్కడ పద్ధతిగా గుంత తీశాను. ఆ గుంత మీది సిమెంటు మూతకు పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, మధ్యలో మందారం ఉంచి ఉంది. ఎవరిదీ భక్తి అని అడిగితే కాపలాదారు ముసలాయన ముందుకొచ్చాడు.

"నువ్వే కదన్నా దినామూ నీళ్ళు పోయమన్నది. దినామూ నీళ్ళు పోసినంక ఊరికే ఎట్ల పోయేది? ఒక దండం పెట్టుకుంటాండా."

నవ్వొచ్చింది, కానీ మీటరు పెట్టి చూస్తే అంకె బ్రహ్మాండంగా ఉంది. ఇంజనీర్లకు వంద పేజీల పుస్తకం ఇచ్చినా ఇంత శ్రద్ధ రాదు. హైదరాబాదు కుటుంబం ఒకటి కారు తగిలించి, అది నిండేదాకా అరుగు మీద కూర్చుంది. వాళ్ళావిడ నన్ను అడిగింది, "వానలో షాక్ కొట్టదా అండీ?" అని.

"నాదీ పూచీ అమ్మా," అన్నాను, గుండె మీద చెయ్యి వేసుకుని. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు తల కొట్టేసినట్టుంటుంది.

ఆళ్ళగడ్డ దాటాక: నూలు ఆటో

రెండో రోజు ఎదురుగాలి. స్కూటరులో చూపించే కిలోమీటర్లు కళ్ళ ముందే కరిగిపోయాయి. మైదుకూరుకు ఇంకా చాలా దూరం ఉండగానే బండి నిలబడింది. పెట్రోలయితే ఎవరినైనా సీసాడు అడగొచ్చు. కరెంటును ఎవరిని అడుగుతాం? ఛార్జర్లు బిగించేవాడు ఛార్జింగ్ లేక ఎండలో బండి తోసుకుంటూ పోతుంటే లారీవాళ్ళు హారన్ కొట్టి మరీ నవ్వారు. నాకసలే ముక్కు మీద కోపం, ఒకడికి రాయి కూడా చూపించాను.

నూలు కట్టలు వేసుకుని పోతున్న సామాన్ల ఆటో ఒకటి ఆగింది. నడిపే ఆయన చౌడప్ప, ప్రొద్దుటూరు వైపు నేతపని ఇంటివాడు. ఇద్దరం కలిసి స్కూటరును నూలు కట్టల పక్కకు ఎక్కించాం.

"యాడికి పోతాండావప్పా ఈ ఎండకు?" అన్నాడు. చెప్పాను. మోటరు పని వదిలిన సంగతి కూడా చెప్పాను.

"నేనూ అంతేలే. మగ్గం ఇప్పేసి ఆటో కొన్నా. నాలుగేండ్లాయ." స్టీరింగు మీద ఆయన కుడిచెయ్యి మాటిమాటికీ పక్కకు జరుగుతోంది. అది చూస్తున్నానని గమనించి నవ్వాడు. "చెయ్యి దానంతటదే నాడె కోసం పోతాదప్పా. ఇంట్లోది తిడతాది, యాడన్నా గుద్దేస్తావు అని."

మగ్గం మీద అటూ ఇటూ విసిరే ఆ నాడె ఇంట్లో ఇప్పటికీ గూట్లో ఉందట, అమ్మబుద్ధి కాలేదట. "నీకు బాగుండాదా కొత్త పని?" అని అడిగాడు.

"శానా బాగుంది," అన్నాను. మైదుకూరులో దించి, కిరాయి తీసుకోకుండా పోయాడు. టీ తాగి పొమ్మన్నా ఆగలేదు. ఆ చెయ్యి సంగతి నాకు ఆ పూటే తట్టి ఉండాల్సింది. ఆయన చెయ్యి పాత పనిలోకి పోతే ఆటో ఒక పక్కకు లాగుతుంది, అంతే. నా చెయ్యి పోతే ఏమవుతుందో నేను ఆలోచించలేదు.

కడప: కారం దోసె

మూడో రోజు పొద్దున కడపలో కారం దోసె తిన్నాను. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, బొంబాయి చట్నీతో ఇస్తారు. నలభై ఐదు రూపాయలు. మా కర్నూలువాళ్ళం కారం తింటామని చెప్పుకుంటాం గానీ, కడపవాళ్ళ ముందు మేం పాలు తాగే పిల్లలం. పక్కన కూర్చున్న పెద్దాయన నా అవస్థ చూసి, "ఏమప్పా, యా ఊరు మీది?" అని జాలిగా అడిగి, తన మజ్జిగ గ్లాసు నా వైపు జరిపాడు.

కడపలో ఎర్త్ కడ్డీ ఒకటి కొని స్కూటరుకు కట్టుకున్నాను. అప్పటికీ నా లెక్కలో ఇది ఒక పూట పని. పైపుకు ఉన్న వైరు తీసేయడం, గుంత తీయడం, స్విచ్ మళ్ళీ పెట్టడం, ఎస్తేరమ్మ చేతి సంగటి తినడం. నాలుగోదాని గురించే ఎక్కువ ఆలోచించాను.

ఒంటిమిట్ట: పైపుకు వేలాడే గొలుసు

గుడికి రంగులు వేస్తున్నారు, పందిళ్ళు లేస్తున్నాయి. ఎస్తేరమ్మ హోటలు ఊరికి ఈవలే, రోడ్డు మీద. భర్త పోయి ఆరేళ్ళయింది. ఆయన మూడు బోర్లు వేయిస్తే మూడూ ఎండిపోయాయి. చివరిది హోటలు పక్కనే, నేను వైరు కట్టింది దానికే. ఆదివారం ప్రార్థనకు తప్ప ఆమె హోటలు మూయదు. పెరట్లో కొట్టంలో ఒక ఎనుము, అదే గేదె, ఉండేది. దాని పాలతోనే టీ. ఆ చిక్కటి టీ కోసం తిరుపతి పోయే కార్లు ఆగేవి.

"రాప్పా మద్దిలేటీ. ఇప్పటికి గుర్తొచ్చినామా?" అంది. టీ ఇచ్చింది. ఒక గుక్క తాగి ముఖం చూశాను.

"ప్యాకెట్ పాలప్పా. ఎనుము సచ్చిపాయ, ఇరవై దినాలాయ."

పైపు వైపు చూశాను. దానికి ఒక ఇనుప గొలుసు వేలాడుతోంది.

"ఎట్ల పోయిందక్కా?"

"మా మరిది దావీదు లేడా? ఆయప్ప జొన్నచేను కోసినంక మోళ్ళకు పిలకలు లేసినాయి. నీల్లు లేక వాడిన జొన్న పిలకలు తింటే గొడ్డు బతకదని తెలీదా మనకు? నా ఎనుము తాడు తెంపుకొని ఆ చేన్లో పడింది. ఆయప్పే తోలుకొచ్చి ఆ పైపుకు కట్టేసి పోయినాడు. గంట గూడా కాలే. కట్టేసిన సోటే ఇరుసుకొని పడిపాయ." కొంగుతో మూతి తుడుచుకుంది. "కంచె ఏసుకోమని ఎన్నితూర్లు చెప్పినానో. ఇంగ ఆ మనిసి నా గడప తొక్కకూడదని చెప్పేసినా. ప్రార్థన గుళ్ళో గూడా నేను ఈ పక్క, వాళ్ళు ఆ పక్క."

ఆమె మాట్లాడుతుండగానే తిరుపతి కారు ఒకటి వచ్చి ఛార్జింగ్‌కు పెట్టుకుంది. నేను లేచి వెళ్ళి మీటరు ఒక కొస పైపుకు, ఇంకో కొస నేలలో దిగ్గొట్టిన మేకుకు పెట్టాను. అంకె వంద వోల్టులు దాటింది. కారు తీయించాను. అంకె పడిపోయింది. ఛార్జరు స్టాండు విప్పి చూస్తే లోపల ఎలుకలు కొరికిన వైరు ఇనుముకు ఆనుకుని ఉంది. శివరాత్రికి ముందు ఆ రక్షణ స్విచ్ టప్పుమని పడిపోతూ చెప్పింది ఇదే. దాని నోరు నేనే మూయించాను. వానాకాలపు తడి ఆరేకొద్దీ కరెంటు భూమిలోకి దిగలేక పైపులోనే నిలబడిపోయింది. దానికి ఇనుప గొలుసుతో ఎనుమును కట్టారు, ఆ గంటలోనే ఏదో కారు వచ్చి ఛార్జింగ్‌కు పెట్టుకుని ఉంటుంది.

"ఏమప్పా, ఏమన్నా భయమా?" అని ఎస్తేరమ్మ అడిగింది. "దినామూ ఆ పైపుకే నా తువాలు ఆరేసుకుంటాండా."

"ఏం లేదక్కా. ఎలుకలు వైరు కొరికినాయి," అన్నాను. అది నిజమే. అందుకే అంత తొందరగా నోట్లోంచి వచ్చింది.

ఛార్జరుకు కరెంటు మొత్తం తీసేసి, పైపుకున్న వైరు కోసేశాను. ఆమె సంగటి ముద్ద, ఊరిబిండి, మధ్యలో గుంట చేసి నెయ్యి పెట్టింది. తిన్నాను. చెనిక్కాయలు వేయించి, మిరపకాయలతో రోట్లో నూరిన ఆ ఊరిబిండి రుచి నాకు గుర్తు లేదు. బొగ్గూ ఉప్పూ రాజంపేటలో తెచ్చుకోవాలని చెప్పి లేచాను. ఉప్పు ఆమె వంటింట్లోనే ఉంది. అక్కణ్ణుంచి పారిపోవడానికి ఒక సాకు కావలసి వచ్చింది, అంతే.

దావీదు చేను

రోడ్డు మీద కొంచెం దూరం పోగానే ఒకాయన చెయ్యెత్తాడు. సన్నటి మనిషి, చేతిలో పార.

"అన్నా, మా వదిన కాడ ఛార్జింగు బాగు చేసేది నువ్వే గదా? బాగాయనా?" ఆయనే దావీదు. హోటలు వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు, కానీ ఆ వైపు ఒక్క అడుగు కూడా వేయడం లేదు. "నేను ఆడికి రాకూడదు. ఉత్సవాల్లో ఆమెకు నాలుగు కార్లు వస్తే బాగుంటాదని అడుగుతాండా."

వెనక ఆయన చేను కనబడుతోంది. ఎకరా నేల మొత్తం తవ్వి తిరగేసి ఉంది. జొన్న మోళ్ళు వేళ్ళతో సహా గట్టు మీద కుప్పగా పడి ఎండుతున్నాయి. పశువుల మేతకు మిగిలేదంతా అదే.

"ఎందుకు పీకేసినావు?" అన్నాను.

"నా జొన్నే చంపిందన్నా దాన్ని. ఎంత తినిందో నేను చూడలే. తోలుకొచ్చి నా చేత్తోనే కట్టేసినా." పార నేలకు ఆనించాడు. "మా అన్న ఉన్నప్పుడు కొనుక్కొచ్చిన ఎనుము అది. వదిన అన్న మాటల్లో తప్పులేదన్నా."

చెప్పాల్సిన మాట నా నాలుక మీదే ఉంది. దావీదూ, తప్పు నీ జొన్నది కాదు, నాది అని చెప్పడానికి ఎంతసేపు? "బాగైపోతాదిలే," అని స్కూటరు ముందుకు పోనిచ్చాను. ఏది బాగైపోతుందని అన్నానో నాకే తెలియదు. ఈ యాత్రలో నేను చేసిన పనులన్నిట్లో ఇదే నీచమైనది. ఎనుము నాకు తెలియకుండా పోయింది. ఈ మనిషిని మాత్రం తెలిసీ వదిలేసి వెళ్ళాను.

రాజంపేట: ఇస్త్రీ బండి బొగ్గులు

నాలుగో రోజు పొద్దున రాజంపేటలో ఒక ఇస్త్రీ బండాయన దగ్గర బొగ్గులు, కొట్టులో కళ్ళుప్పు కొన్నాను. "ఏమప్పా, ఇంత ఉప్పు? ఊరగాయ పెడతాండావా?" అని కొట్టాయన నవ్వాడు. ఊరంతా పండ్ల వాసన, అరటి గెలల లారీలు. మామూలుగా అయితే రకరకాల అరటిపండ్ల ధరలు అడిగి మీకు రాసేవాణ్ణి. ఆ పొద్దు ఏదీ అడగలేదు.

మస్తాన్‌కు ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను.

"ఆ డైరెక్ట్ మాట నీకు నేర్పింది నేనే గదరా," అన్నాడు. "ఆమెకు చెప్పినావా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తాండావు? ఫోన్ పెట్టి పో."

కోపం వచ్చింది. నిజం చెప్పేవాళ్ళ మీద నాకు ఎప్పుడూ మొదట కోపమే వస్తుంది. ఆ కోపంతోనే స్కూటరు తిప్పాను. ఛార్జింగ్ ఎంత ఉందో కూడా చూడలేదు.

మళ్ళీ ఒంటిమిట్ట

ఎస్తేరమ్మ రోట్లో ఊరిబిండి నూరుతోంది. కూర్చోమంది. నిలబడే చెప్పాను. పైపుకు వైరు కట్టింది, మీటరును నమ్మింది, డైరెక్ట్ చేయమంది, రెండు ఫోన్లు చేసినా రానిది, నిన్న అంకె చూసి కూడా ఎలుకల మీద తోసేసింది, అన్నీ. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేనని భయం.

ఆమె చేతిలో గుండు ఆగిపోయింది.

"రెండుతూర్లు ఫోన్ చేసినా కదప్పా నీకు."

"చేసినావక్కా."

"నిన్న నా చేతి బువ్వ తిన్యావే. తినేటప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు."

ఆమె తిట్టింది. ఇక్కడ రాయను. అందులో నాకు తగనిది ఒక్కటీ లేదు. టీ తాగుతున్న ఇద్దరు డబ్బులు బల్ల మీద పెట్టి మెల్లగా లేచిపోయారు. కొంచెం తగ్గాక, ఎనుమును కొనిస్తానని నోరు తెరిచాను.

"ఎనుము మాట ఇప్పుడు ఎత్తద్దు," అంది. "ఇరవై దినాలు ఆ మనిసిని నోటికొచ్చినట్ల అన్యానే, గుళ్ళో అందరి ముందర, అవి ఏమి పెట్టి కొంటావు నువ్వు?" కొంగు దులుపుకుని లేచింది. "నాకు చెప్పింది సాలు. దా, ఆయప్పకు చెప్పు."

ముందు ఆమె, వెనక నేను, ఎండలో దావీదు చేనుకు నడిచాం. ఆయన మమ్మల్ని చూసి పార వదిలేసి నిలబడ్డాడు. నేను చెప్పాను. రెండోసారి చెప్పడం సులువవుతుందనుకున్నాను, కాలేదు. ఆయన నా వైపు చూడనేలేదు. తవ్వేసిన చేను వైపు చూస్తూ ఉండిపోయాడు.

"జొన్న కాదంటావా?" అన్నాడు.

"కాదు."

"అయితే ఊరికే పీకేసినానే," అని, అంతటితో గట్టు మీద కూలబడ్డాడు. ఎస్తేరమ్మ కూడా పోయి పక్కన కూర్చుంది. తలమీది కొంగు తీసి ఆయన ముఖం మీది మట్టి తుడిచింది. నేను అక్కడ ఉండకూడదనిపించి, దూరంగా పోయి నిలబడ్డాను.

గుంత నేనే తీస్తానన్నాను. బండ తగలని చోటు వెతకడానికి హోటలు వెనక మూడు చోట్ల తవ్వాల్సి వచ్చింది. మూడో చోట దావీదు వచ్చి నా చేతిలో గడ్డపార తీసుకున్నాడు. మనిషి లోతు దిగాం. కడ్డీ నిలబెట్టి, బొగ్గు ఒక వరుస, ఉప్పు ఒక వరుస పోశాం. కొత్త వైరు లాగాను, స్విచ్‌ను దాని చోట్లో పెట్టాను. మీటరు మంచి అంకె చూపించింది. ఈసారి దాన్ని నమ్మాలంటే కూడా భయం వేసింది.

"దీనికి నీళ్ళు పొయ్యాలక్కా," అన్నాను. "ఎండాకాలమంతా. లేకుంటే మళ్ళీ అదే."

"ఎన్ని?"

"దినానికి రెండు బిందెలు."

నీళ్ళంటే ఆ ఊళ్ళో మాటలు కాదు. ట్యాంకరు వచ్చినప్పుడు పట్టుకుని దాచుకోవాలి. లేదంటే దూరాన ఉన్న చేతిబోరుకు పోవాలి. ఆమె పెరట్లోకి చూసింది. కొట్టం ముందు రాతి తొట్టి, దాని పక్కన బోర్లించిన రెండు బిందెలు.

"పొద్దున్నే ఎనుము తాగేది రెండు బిందెలే," అంది. "ఇంగ ఇది తాగుతాదిలే."

తిరిగొచ్చాక

జరిగిందంతా కంపెనీకి నేనే రాసిచ్చాను. కొత్త ఛార్జర్లు బిగించే పని కొంతకాలం నాకు ఇవ్వబోమని చెప్పారు. పాతవాటికి గుంతలు చూసి రావడమే నా పని. మస్తాన్ షాపులో ఖాళీగా ఉన్న నా స్టూలు మీద సాయంత్రాలు కూర్చుంటున్నాను. వాడు ఎవరికైనా డైరెక్ట్ అనబోయి, నా ముఖం చూసి ఆగుతాడు. ఆగస్టులో డబ్బు పంపి, ఒక ఎనుము పడ్డను చూసుకుని రమ్మని దావీదుకు చెప్పాను, అది ఎస్తేరమ్మ కొట్టానికి చేరింది. అది ఈని పాలివ్వడానికి ఇంకా కాలం పడుతుంది. అప్పటిదాకా ఆ హోటల్లో ప్యాకెట్ పాల టీయే. మీరు ఆ దారిన పోతే ఆగండి, టీ బాగాలేదని మాత్రం ఆమెతో అనకండి.

ప్రతి ఆదివారం, ఆమె గుడి నుంచి వచ్చే వేళకు ఫోన్ చేస్తాను. ఈసారి ఒక్క వారం కూడా తప్పలేదు. గుంతకు నీళ్ళు పోసినావా అక్కా అని అడుగుతాను. మొదట్లో, "పోసినాలేప్పా," అని పెట్టేసేది.

ఇప్పుడు, "తాగింది," అంటుంది.